సర్ విలియం ఆస్లరు: రోగిశయ్య చెంత ఆచార్యుడు

వైద్యవిద్యార్థికి శరీరనిర్మాణశాస్త్రము ఎంతవరకు పట్టుబడినదో కనుగొనుట కష్టము కాదు. ఎముక చేతికిచ్చి పేరడుగవచ్చును. కాగితమిచ్చి వ్రాయుమనవచ్చును. కాని అతడు రోగి మంచము ప్రక్కన ఎట్లు నిలుచున్నాడు, చెప్పుకొనుటకు సిగ్గుపడే బాధను ఎట్లు చెప్పించినాడు, కుదిరే జబ్బు కాదని తెలిసిననాడు ఆ సంగతిని ఇంటివారితో ఏ గొంతుకతో పలికినాడు? వీటికి మార్కులు వేసేవారెవరు? ఏ కొలతతో వేయవలెను? వైద్యకళాశాలలను నూరేండ్లకు పైగా వేధిస్తున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు వెదకినవారిలో ముందుగా తలచుకొనవలసినవాడు సర్ విలియం ఆస్లరు. ఆయన క్రొత్త మందును కనిపెట్టలేదు. క్రొత్త శస్త్రచికిత్సను చేసి చూపలేదు. ఉపన్యాసశాలలో బల్లల మీద కూర్చున్న విద్యార్థిని లేపి వార్డులోనికి నడిపించి, రోగి మంచము దగ్గర నిలిపి, తాను ప్రక్కన నిలుచున్నాడు. ఆయన చేసిన ఘనకార్యమంతా అదే.

1849 జూలై 12వ తేదీన కెనడా దేశములో, నేటి ఆంటేరియో రాష్ట్రములోని బాండ్ హెడ్ అనే మారుమూల పల్లెలో విలియం జన్మించినాడు. తండ్రి ఫెదర్‌స్టన్ ఆస్లరు ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమ నుంచి వచ్చిన క్రైస్తవ మతబోధకుడు. అడవులు నరికి పొలములు చేసుకుంటున్న ఆ ప్రాంతములో గుఱ్ఱము మీద ఊరూరు తిరిగి ప్రార్థనలు జరిపేవాడు. ఇంటినిండ పిల్లలు. అన్నలలో ఒకడు న్యాయమూర్తి, ఒకడు పేరుమోసిన న్యాయవాది, ఒకడు గొప్ప ధనికుడు అయినారు. కొడుకులలో కడపటివాడైన విలియం తండ్రి దారినే మతగురువు కావలెనని పెద్దలు ఆశించినారు.

కుఱ్ఱవాని నడవడి ఆ ఆశకు బొత్తిగా అనుకూలించలేదు. డండస్ పట్టణపు బడిలో అల్లరి శ్రుతి మించి వెళ్ళగొట్టించుకున్నాడు. వెస్టన్ లోని మరొక బడిలో తమకు గిట్టని గృహనిర్వాహకురాలిని గదిలో బంధించి పొగబెట్టిన బాలుర జట్టులో చేరి, కొన్నాళ్ళు చెరసాలలో కూడ ఉన్నాడు. వైద్యుని నడవడికి ఆదర్శముగా నేడు లోకము చూపే మహనీయుని బాల్యమిది! పదునేడేండ్లవాని నడవడికి మార్కులు వేసి, ఇక వీడింతే అని దస్త్రము మూసివేసిన ఉపాధ్యాయుడెవరైన ఆనాడు ఉండి ఉంటే, లోకమునకు ఆస్లరు దక్కేవాడు కాడు.

ఆ వెస్టన్ బడిలోనే ఆయనకు తొలి గురువు లభించినాడు. బడిని నెలకొల్పిన జాన్సన్ అనే మతగురువుకు ప్రకృతిశాస్త్రమన్న ప్రాణము. పిల్లలను చెరువుగట్లకు తీసికొనిపోయి, పాచిని, పురుగులను ఏరించి, సూక్ష్మదర్శనిలో చూపించేవాడు. పదునేడవ శతాబ్దికి చెందిన సర్ థామస్ బ్రౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు వ్రాసిన ‘రెలీజియో మెడిసై’ గ్రంథములోని భాగములను వారికి చదివి వినిపించేవాడు. ఆస్లరు ఆ పుస్తకమును కొనుక్కున్నాడు. ఆ ప్రతి ఆయనను జీవితాంతము వీడలేదు. జాన్సన్ మిత్రుడు జేమ్స్ బోవెల్ టొరాంటోలో వైద్యుడు. 1867లో మతవిద్య కొరకు టొరాంటో ట్రినిటీ కళాశాలలో చేరిన ఆస్లరు, బోవెల్ ఇంట పుస్తకముల నడుమ తిరిగి తిరిగి, మరుసటి యేడు వైద్యవిద్యకు మరలినాడు. 1870లో మాంట్రియలు నగరములోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు పోయి, 1872లో పట్టము పుచ్చుకున్నాడు. అక్కడ పామర్ హోవార్డ్ అనే ఆచార్యుడు ఆయనకు మూడవ గురువు. ఈ ముగ్గురినీ ఆస్లరు ముసలితనములో కూడ పేరుపేరున స్మరించేవాడు.

ఆ పిమ్మట రెండేండ్లు లండను, బెర్లిను, వియన్నా నగరములలో గడిపినాడు. లండనులో ఉన్నప్పుడు రక్తములోని సన్నని ఫలకికలను, అనగా నేడు ప్లేట్‌లెట్లని జనసామాన్యము కూడ ఎరిగిన వాటిని, సూక్ష్మదర్శనిలో జాగ్రత్తగా పరిశీలించి వర్ణించినాడు. ఆ దారినే సాగిపోయి ఉంటే ప్రయోగశాలలో పేరు గడించేవాడేమో. కాని 1874లో మెక్‌గిల్ ఆయనను ఉపన్యాసకుడుగా పిలిచినది. మరుసటి యేటికే ఆచార్యుడైనాడు.

ఆచార్యుడైతే అయినాడు గాని ఆయనకు ఉపన్యాసమిచ్చుట చేతకాలేదు. ముందుగా వ్రాసికొని వచ్చిన దానిని తడబడుతూ చదివేవాడు. ఆయన ప్రకాశించినది శవపరీక్షలు జరిగే గదిలోను, వార్డులోను. మాంట్రియలు జనరల్ ఆసుపత్రిలో వందలకొద్దీ శవపరీక్షలు స్వయముగా చేసి వివరములు వ్రాసిపెట్టినాడు. బ్రతికి ఉండగా తాము నిర్ణయించిన వ్యాధి ఒకటి, చనిపోయిన తరువాత లోపల కనబడినది మరొకటి అయినప్పుడు దానిని దాచక విద్యార్థులకు చూపుట ఆయనకు అక్కడే అలవడినది. ఇతరులు తప్పించుకోజూసే మశూచి వార్డును కోరి తీసికొని, దాని మూలముగా వచ్చిన అదనపు వేతనముతో విద్యార్థుల కొరకు సూక్ష్మదర్శనులు కొన్నాడు. తానూ ఆ వ్యాధి బారిన పడినాడు గాని తేలికగా బయటపడినాడు.

ఆ కాలములో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పవలెను. ఇంగ్లండు నుంచి వచ్చిన యువకుడొకడు మాంట్రియలులో మశూచి సోకి, అయినవారెవరూ దగ్గర లేకుండ మరణించినాడు. కడపటి గడియలలో అతని ప్రక్కన కూర్చున్నవాడు ఆస్లరు. అంతటితో తన పని తీరినదనుకొనలేదు. సముద్రమునకు ఆవలనున్న తండ్రికి ఉత్తరము వ్రాసినాడు. జబ్బు తీరు, చికిత్స, కుమారుడు ఎట్లు కన్నుమూసినాడు, ఏమి కోరినాడు, ఇవన్నీ ఆ తండ్రి తెలుసుకొనదగినంత వివరముగా, భరింపగలిగినంత మృదువుగా అందులో ఉన్నవి. ఆనాటికి ఆస్లరు మూడుపదులు నిండని యువకుడు. దుర్వార్తను తెలుపు విధము నేడు వైద్యకళాశాలలలో ప్రత్యేకముగా నేర్పే పాఠము. దానిని ఆయనకు ఎవరూ తరగతిలో నేర్పలేదు.

మరొక కథ కూడ ఆ దినములదే. త్రాగుడుకు బానిసయైన ముష్టివాడొకడు చలిలో చేయి చాచగా, ఆస్లరు వాని కాలేయము పాడైనదని పరిహాసమాడుతూనే తన పైకోటు విప్పి ఇచ్చినాడు. కొన్నాళ్ళకు వాడు ఆసుపత్రిలో చనిపోతూ, కోటును, ఆ పాడైన కాలేయమును తన మంచి మిత్రుడైన ఆస్లరుకు చెందవలెనని వీలునామా చెప్పినాడట. ఇది ఆయన జీవితచరిత్రకారులు చెప్పిన ముచ్చట. నిక్కముగా జరిగినా, కొంత పెరిగినా, అటువంటి కథ ఎవరిని గూర్చి పుడుతుందో గమనింపదగినది.

1884లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ఆయనను ఫిలడెల్ఫియాకు ఆహ్వానించినది. అప్పుడు జర్మనీలో ఉన్న ఆస్లరు పోవుటయా మానుటయా తేల్చుకొనలేక నాణెము ఎగురవేసి నిర్ణయించుకున్నాడని ఆయనే చెప్పుకున్నాడు. ఫిలడెల్ఫియా విద్యార్థులు ఉరుములవంటి వాగ్ధాటికి అలవాటుపడినవారు. ఎర్రని నెక్‌టై కట్టి, ముతక ఉన్ని మేజోళ్ళు తొడిగి వచ్చి, బల్ల అంచు మీద కూర్చుండి కాళ్ళాడిస్తూ మాటలాడే ఈ క్రొత్త ఆచార్యుని చూచి మొదట నిరుత్సాహపడినారు. వార్డులోనికి వెంట పోయిన తరువాతగాని ఆయన ఎట్టివాడో వారికి తెలియలేదు.

ఆనాటి అమెరికా వైద్యవిద్య ఎంత దీనస్థితిలో ఉండెడిదో నేటివారికి ఊహకు అందదు. అనేక కళాశాలలలో రెండేండ్లు, అవియు ఏటికి కొద్దినెలలు మాత్రము, ఉపన్యాసములు విని, రుసుము చెల్లించి, నోటిమాటగా అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి పట్టము పుచ్చుకొనవచ్చును. ఒక్క రోగినైనను స్వయముగా పరీక్షింపకయే వైద్యుడై ఇంటికి పోయినవారున్నారు. అట్టివాని మాటతీరును, నడవడిని చూచి బాగోగులు నిర్ణయించే ప్రసక్తి ఎక్కడిది? చూచుటకు అవకాశమే లేదు.

ఆస్లరులోని చిన్ననాటి అల్లరి పెద్దతనములోను పోలేదనుటకు తార్కాణము ఆయన సృష్టించిన ‘ఎగర్టన్ యోరిక్ డేవిస్’ అనే మారుపేరు. సైనికవైద్యుడుగా ఉండి విరమించుకున్నాడని చెప్పిన ఈ మనిషి లోకములో లేడు. ఆ పేరుతో ఆస్లరు 1884లో ఒక వైద్యపత్రికకు అసభ్యమైన కల్పితవృత్తాంతమొకటి పంపగా, అది నిజముగా జరిగినదిగా అచ్చుపడి, దశాబ్దముల తరబడి వైద్యగ్రంథములలో ఉదాహరణగా ఎక్కుతూ వచ్చినది. హాస్యప్రియత్వమని అభిమానులు సమర్థిస్తారు. శాస్త్రపత్రికలో అబద్ధము నాటుట హాస్యము క్రిందికి రాదు. విద్యార్థి ఎవడైన నేడు ఆ పని చేస్తే కళాశాలలో నిలువనీయరు. అదే కలముతో కెనడాలోని ఆదివాసులను గూర్చి హేళనగా వ్రాసిన వ్రాతలు కూడ ఉన్నవి. ఆయనకు తన జాతివారే ఉన్నతులనే భావము ఉండెడిదని, దానిని ఇన్నాళ్ళు పూజాభావముతో కప్పిపుచ్చినారని ఇటీవలి పరిశోధకులు గట్టిగా ఎత్తిచూపినారు. ఈ విమర్శను త్రోసివేయుట తగదు. మంచము మీది రోగిని మనిషిగా చూడుమని నేర్పిన గురువుకు తన కాలపు మానవులందరు ఒకే కొలతలో కనబడలేదన్నది సత్యము.

బాల్టిమోరు నగరములో జాన్స్ హాప్కిన్స్ అనే వర్తకుడు విడిచిపోయిన ధనముతో కట్టిన ఆసుపత్రి 1889 మే నెలలో తెరచినారు. ఆస్లరు ప్రధానవైద్యుడైనాడు. వైద్యకళాశాల తెరుచుటకు ధనము చాలక నాలుగేండ్లు ఆలస్యమైనది. ఆ తీరికలో ఆయన ‘ప్రిన్సిపుల్స్ అండ్ ప్రాక్టీస్ ఆఫ్ మెడిసిన్’ అనే బృహద్గ్రంథమును వ్రాసినాడు. అది 1892లో వెలువడి, ఇంగ్లీషు తెలిసిన వైద్యలోకమంతటికి పాఠ్యగ్రంథమైనది. పలు వ్యాధులకు మందు లేదని నిర్భయముగా ఒప్పుకొనుట ఆ గ్రంథములోని విశేషము. రాక్‌ఫెల్లరు సలహాదారుడైన గేట్స్ 1897లో దానిని చదివి, వైద్యమునకు తెలియనిది ఇంత ఉన్నదా అని దిగ్భ్రమ చెంది, పరిశోధనాలయ స్థాపనకు పూనుకున్నాడు. ఆ 1892లోనే ఆస్లరు గ్రేస్ రెవియర్ గ్రాస్ అనే వితంతువును వివాహమాడినాడు. వారి మొదటి శిశువు వారము దినములే బ్రతికినది. 1895లో పుట్టిన కొడుకు ఎడ్వర్డు రెవియర్ ఒక్కడే దక్కినాడు.

మేరీ గారెట్ అనే దాత మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చి, స్త్రీలను పురుషులతో సమానముగా చేర్చుకొనవలెనని, ముందే కళాశాల పట్టము గలవారినే తీసికొనవలెనని షరతులు పెట్టినది. 1893లో వైద్యకళాశాల తెరచినారు. ఇన్ని అర్హతలు కోరే కళాశాలలో మనము ఆచార్యులుగా చేరుట మంచిదైనది, విద్యార్థులుగా అయితే ప్రవేశము దొరకదు అని ఆస్లరు తన సహచరుడు వెల్చ్‌తో పరిహాసమాడినాడట.

ఇక్కడ ఆయన అమలు జరిపిన ఏర్పాటు పైకి చూచుటకు చాల సామాన్యమైనది. మూడవ యేట విద్యార్థి బయటి రోగుల విభాగములో కూర్చుండి రోగి వృత్తాంతము రాబట్టుటయు, దేహము పరీక్షించుటయు నేర్చుకొనవలెను. నాలుగవ యేట వార్డులో అతనికి అయిదారు మంచములు అప్పగిస్తారు. అతనికి ‘క్లినికల్ క్లర్కు’ అని పేరు. రోగి వచ్చిననాడు వృత్తాంతము వ్రాయవలసినవాడు అతడే. రక్తమును, మూత్రమును పరీక్షింపవలసినవాడు అతడే. దినదినము మార్పులు గుర్తింపవలెను. రోగి ఆసుపత్రి విడిచినను, లోకము విడిచినను కడవరకు వెంట ఉండవలెను. అంతవరకు చూడవచ్చిన అతిథివలె వార్డులో తిరిగిన విద్యార్థి ఇప్పుడు ఆ ఆసుపత్రి యంత్రములో ఒక చక్రమైనాడు. అతడు పని చేయకపోతే పని ఆగిపోతుంది.

వారమునకు మూడు ఉదయములు తొమ్మిది గంటలకు ఆస్లరు వార్డుకు వచ్చేవాడు. సహాయకుని భుజము మీద చేయి వేసి, ఏదో కూనిరాగము తీస్తూ వచ్చి, మొదటి మంచము దగ్గర ఆగేవాడు. వెనుక విద్యార్థులు, ఇంటర్నులు, దాదులు, దూరదేశముల నుంచి వచ్చిన వైద్యులు. ఆ మంచము బాధ్యతగల క్లర్కు ముందుకు వచ్చి వృత్తాంతము చదువవలెను. తరువాత ప్రశ్నలు. ముందు కంటితో చూడవలెను, తరువాత చేతితో తాకవలెను, ఆ పిమ్మట వ్రేళ్ళతో తట్టవలెను, కడపట చెవితో వినవలెను. ఈ వరుస తప్పరాదు. తెలియని విషయము వస్తే ఎవరో ఒకరికి అప్పగించి, గ్రంథాలయములో వెదకి ఫలానినాటికి చెప్పుమనేవాడు. ఆ దినము వచ్చినప్పుడు మరచేవాడు కాడు.

ఈ పద్ధతిలోని కీలకము గమనించవలెను. వృత్తాంతము చదువుతున్నప్పుడు ఆ వృత్తాంతము గల మనిషి అక్కడే పండుకొని వింటున్నాడు. విద్యార్థి అడుగవలసినది అడుగక ఊహించి వ్రాస్తే, కాదు బాబూ, నేను అట్లా చెప్పలేదని అనుటకు రోగికి నోరున్నది. నొప్పి ఎక్కడ అన్నప్పుడు విద్యార్థి చేయి పడిన తీరు, రోగి మొగము ముడుచుకొన్న తీరు గురువు కన్ను తప్పించుకొనవు. వారములకొద్దీ తనను చూస్తున్న విద్యార్థి దగ్గరకు రాగానే రోగి మొగము వికసించినదా, ఆవలి వైపు త్రిప్పుకొన్నదా? ఇంతకంటె నమ్మకమైన సాక్ష్యము ఏ పరీక్షాధికారికి దొరుకుతుంది? పైగా ఈ పరీక్ష ఒకనాటితో ముగిసేది కాదు. ఒక్కపూట మర్యాద నటించవచ్చును. నెలల తరబడి నటించుట కష్టము.

మరి విద్యార్థి మాత్రమే పరీక్షకు నిలిచినాడా? గురువు కూడ నిలిచినాడు. ఆయన రోగిని పలుకరించిన తీరు, దుప్పటి తొలగించి మరల కప్పిన తీరు, మంచము దాటిపోవుటకు ముందు ఒక్క నవ్వుమాట విడిచిపోయిన తీరు ముప్పది కన్నులు చూస్తున్నవి. తన వ్యాధినిర్ణయము శవపరీక్షలో తప్పని తేలిననాడు దానిని అందరి ఎదుట ఒప్పుకొనేవాడు. వినయమును గూర్చి గంటసేపు ఉపన్యసించినను విద్యార్థికి అంత తలకెక్కదు. శనివారము సాయంత్రము వెస్ట్ ఫ్రాంక్లిన్ వీధిలోని ఆయన ఇంట క్లర్కులు బల్ల చుట్టు చేరేవారు. ఆ వారము రోగులను గూర్చిన చర్చ, కొంత పలహారము, కొన్ని పాతపుస్తకములు. చిన్న వైద్యులు కొందరికి తన ఇంటి తలుపు తాళపుచెవులే ఇచ్చినాడు, ఏ వేళనైనను గ్రంథాలయమునకు రావచ్చునని.

వార్డు గోడలతో కూడ ఆయన తృప్తిపడలేదు. 1899 ప్రాంతమున క్షయరోగుల ఇండ్లకు వైద్యవిద్యార్థినులను పంపినాడు. మందు వ్రాసిచ్చి, గాలి వెలుతురు గల గదిలో పండుకొనుమని చెప్పి పంపిన రోగి, బాల్టిమోరు పేదవాడలో కిటికీ లేని గదిలో అయిదుగురితో కలసి ఉంటే ఆ సలహాకు అర్థమేమి? వారి ఇంటి గడప దాటి, వారి భాషలో, వారికి అవమానము తోచకుండ మాటలాడి, అసలు స్థితి తెలిసికొని వ్రాసి తేవలెను. ఆసుపత్రిలో డాక్టరుగారి తెల్లకోటుకు తలవంచిన రోగి తన ఇంట తాను యజమాని. విద్యార్థి మాటనేర్పు అక్కడ నిజముగా తేలుతుంది.

రోగి చెంత బోధించుట ఆస్లరు కనిపెట్టినది కాదు. ఆయన ఎన్నడూ అట్లు చెప్పుకొనలేదు. పదునెనిమిదవ శతాబ్ది మొదట హాలండులోని లైడెన్ నగరమున బోయర్‌హావ్ పన్నెండు మంచముల చిన్న వార్డులో శిష్యులకు బోధించినాడు. అది ఎడింబరోకు, అక్కడినుంచి లండను ఆసుపత్రులకు, మాంట్రియలుకు ప్రాకినది. మెక్‌గిల్‌లో తాను నేర్చినదానినే ఆస్లరు బాల్టిమోరులో నాటినాడు. క్రొత్తదనమేమన్న, విద్యార్థిని వార్డు పనికి అవసరమైన మనిషిగా చేయుట, దానిని చదువుకు అనుబంధముగా గాక చదువే దానిచుట్టు తిరుగునట్లు ఏర్పరచుట. 1903లో న్యూయార్కులో ఆసుపత్రియే కళాశాల అనే భావము మీద ప్రసంగిస్తూ, తన సమాధి మీద వ్రాయదలచుకొన్నవారు తాను విద్యార్థులకు వార్డులలో పాఠము చెప్పినానని వ్రాస్తే చాలునని కోరినాడు.

ఇంతటి మాటకారి ఒకసారి మాట జారి దెబ్బతిన్నాడు. ఆక్స్‌ఫర్డులో రాజనియుక్త వైద్యాచార్య పదవికి పిలుపు వచ్చి, 1905 ఫిబ్రవరి 22వ తేదీన బాల్టిమోరులో వీడ్కోలు ప్రసంగము చేసినాడు. లోకములోని గొప్పపనులన్నీ నలుబదేండ్లలోపువారు చేసినవేననీ, అరువది దాటినవారు పదవులు విడుచుట మేలనీ చెబుతూ, ట్రాలప్ నవలలో ముసలివారిని క్లోరోఫారముతో ప్రశాంతముగా సాగనంపే కథను వేళాకోళముగా ప్రస్తావించినాడు. మరునాడు పత్రికలు ఆస్లరు అరువదేండ్లవారిని చంపివేయుమంటున్నాడని గగ్గోలు పెట్టినవి. నిందాపూర్వకమైన ఉత్తరములు కుప్పలుగా వచ్చి పడినవి. ఆయన పేరు మీదుగా ఇంగ్లీషులో ఒక క్రొత్త క్రియాపదమే పుట్టినది. వార్డులో ఎదుట నున్న మనిషి మొగము చూచి మాట తూచగలిగినవాడు, మొగము కనబడని వేలమంది చెవిని పడే మాటను తూచలేకపోయినాడు. హాస్యమునకు అతడు చెల్లించిన వెల అది.

ఆక్స్‌ఫర్డు జీవితము నెమ్మదిగా సాగినది. 1911లో బారొనెట్ బిరుదు వచ్చినది. నోర్హామ్ గార్డెన్స్‌లోని ఆయన ఇల్లు అమెరికా, కెనడా విద్యార్థులకు ధర్మసత్రమువంటిది. కాని బాల్టిమోరులో తాను కట్టిన ఇంటికి ముప్పు వచ్చుట ఆయన అక్కడినుంచే చూడవలసివచ్చినది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 వైద్యకళాశాలలను పరిశీలించి వెలువరించిన నివేదిక జాన్స్ హాప్కిన్స్‌ను అన్నిటికి మేలుబంతిగా చూపినది. ఆ ఫ్లెక్స్‌నరే తరువాత, వైద్యాచార్యులు బయటి రోగులను చూచి ధనమార్జించుట మాని, జీతము తీసికొని పూర్తికాలము బోధనకు, పరిశోధనకు వినియోగించవలెనని పట్టుబట్టినాడు. ఆస్లరు 1911లో విశ్వవిద్యాలయాధ్యక్షునికి ఉత్తరము వ్రాసి తీవ్రముగా వ్యతిరేకించినాడు. ప్రయోగశాలకు అంటిపెట్టుకొన్న ఆచార్యులు పరిశోధనలో ఘనులు కావచ్చును, కాని లోకములోని రోగులతోను, ఊరి వైద్యులతోను సంబంధము తెగినవారు విద్యార్థికి ఏ నడవడి చూపగలరని ఆయన భయము. ఆయన మాట నెగ్గలేదు. 1913లో రాక్‌ఫెల్లరు ధనసహాయముతో ఆ ఏర్పాటు వచ్చినది. దానివలన శాస్త్రము ఎంతో వృద్ధి చెందినదనుట నిజము. ఆస్లరు భయము వట్టిదనుట మాత్రము సాధ్యము కాదు.

అదే 1913లో లండనులో పరీక్షలను గూర్చి ప్రసంగిస్తూ ఆయన మరొక దెబ్బ కొట్టినాడు. చదువుకు తోడుగా ఉండవలసిన పరీక్ష చదువును తొక్కివేస్తున్నదని, విద్యార్థి రోగిని గాక పరీక్షాధికారిని దృష్టిలో పెట్టుకొని చదువుతున్నాడని ఆయన వాదము. ఆ వాదము నేటికి పాతబడలేదు. మనదేశములో చిరకాలముగా నడచిన వైద్యపరీక్షలో ‘లాంగ్ కేస్’ అనేది ఒకటున్నది. విద్యార్థి ఒక రోగిని కొంతసేపు ఒంటరిగా పరీక్షిస్తాడు. తరువాత పరీక్షాధికారి వచ్చి ప్రశ్నలడుగుతాడు. విద్యార్థి చెప్పిన వృత్తాంతమునకు మార్కులు పడుతవి. దానిని రాబట్టుటలో అతడు రోగిని కసరినాడా, బుజ్జగించినాడా, తలుపు చాటు లేకుండ వస్త్రము తొలగించినాడా అనేది చూచినవాడు రోగి ఒక్కడే. అతనిని ఎవరూ అడుగరు.

ఈ లోపమును తీర్చుటకు పాశ్చాత్యులు ఉపాయములు పన్నినారు. 1960 దశకములో అమెరికాలో బారోస్ అనే నాడీవైద్యుడు, రోగివలె నటించుటకు శిక్షణ పొందినవారిని విద్యార్థుల ముందు కూర్చుండబెట్టినాడు. 1975లో స్కాట్లండులోని డండీ నగరము నుంచి హార్డెన్, ఆయన సహచరులు ‘ఆస్కీ’ అనే పరీక్షను ప్రకటించినారు. విద్యార్థి వరుసగా కొన్ని స్థానములు తిరుగుతాడు. ఒక్కొక్కచోట కొద్దినిమిషములు మాత్రము ఒక పని చేయవలెను. పరీక్షాధికారి ముందుగా వ్రాసికొన్న పట్టిక ప్రకారము గుర్తులు పెడతాడు. అందరికి ఒకే ప్రశ్న, ఒకే కొలత. పక్షపాతమునకు చోటు తక్కువ. ఆస్లరు పద్ధతిలో లేని న్యాయము ఇందులో ఉన్నది. ఆస్లరువంటి గురువు దొరికిన విద్యార్థి అదృష్టవంతుడు, ముక్కోపియైన గురువు దొరికినవాని గతి ఏమి? అయితే పట్టికలో నమస్కరించుటకు ఒక గుర్తు, పేరడుగుటకు ఒక గుర్తు అని ఉన్నప్పుడు, మొగము చూడకయే నమస్కరించి గుర్తు సంపాదించే నేర్పు కూడ విద్యార్థికి అబ్బుతుంది. 2019 నుంచి మనదేశపు ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమములో నడవడి, నీతి, సంభాషణలకు ప్రత్యేకభాగము చేర్చినారు. విశాఖపట్నము, గుంటూరు, హైదరాబాదు విద్యార్థులు కూడ దానిని చదువుతున్నారు. పుస్తకము వచ్చినది, గంటలు కేటాయించినారు. వంద, రెండువందలమంది విద్యార్థులున్న తరగతిలో, అయిదారు మంచములు అప్పగించి నెలల తరబడి ప్రక్కన నిలిచి చూచే గురువును కేటాయించుట అంత సులభము కాదు.

ఆస్లరు స్వయముగా రోగితో ఎట్లు మెలగేవాడో తెలుపుటకు ఆక్స్‌ఫర్డులో జరిగిన సంగతి చాలును. కోరింతదగ్గుతో కృశించి, ఏ ఆహారమును ముట్టని బాలుని చూచుటకు, విశ్వవిద్యాలయపు ఉత్సవమునకు పోతూ రంగుల నిలువుటంగీతో వచ్చినాడు. పరీక్ష కొద్దిసేపే. తరువాత మంచము మీద కూర్చుండి పీచ్ పండు తొక్క తీసి, ముక్కలు కోసి, చక్కెర అద్ది, ఒక్కొక్కటి బాలుని నోటికి అందించినాడు. అది సామాన్యమైన పండు కాదన్నాడు. మాయవేషము వేసుకొన్న మాంత్రికుడే వచ్చినాడనుకొని పిల్లవాడు తిన్నాడు. ఆ అంగీయే బాలునికి మందైనదని గ్రహించి, తరువాత నలుబది దినములు రోజూ అదే అంగీ ధరించి వచ్చినాడు. గదిలోనికి వచ్చుటకు ముందు ప్రతిదినము ఇంటి వాకిట ఆ బరువైన అంగీ తొడుగుకొనేవాడు. బాలుడు కోలుకున్నాడు.

1917 ఆగస్టు 30వ తేదీన ఆస్లరు కొడుకు రెవియర్ బెల్జియం యుద్ధభూమిలో గాయపడి మరణించినాడు. వయస్సు ఇరువదియొకటి. బాల్టిమోరులో ఆస్లరు ఇంట మెలగిన శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఆ రాత్రి శిబిరములో అతని మంచము ప్రక్కన ఉన్నాడు. ఆ దెబ్బనుంచి తండ్రి తేరుకొనలేదు. పగలు నవ్వుతూ తిరిగేవాడు, రాత్రులు ఏడ్చేవాడని ఇంటివారెరుగుదురు. ఆ మరుసటి యేడు, 1918 శరదృతువులో, మరణశయ్య మీదనున్న చిన్న బాలిక ఇంటికి రోజుకు రెండుసార్లు పోయేవాడు. తలుపు దగ్గర వంగి, భూతమువలె పాకుతూ లోపలికి వచ్చి, సన్నని గొంతుకతో ఆమె బొమ్మలతో మాటలాడేవాడు. చలికాలము ముదిరిన దినమున తన తోటలోని కడపటి ఎర్రగులాబిని కోటు జేబులో దాచి తెచ్చి ఇచ్చినాడు. గులాబికూడ ఎక్కువకాలము ఉండలేదు గాని ఉన్నంతసేపు ఎట్లున్నదో ఆమెకు కథగా చెప్పినాడు. పిల్ల భయపడకుండ కన్నుమూసినదని తల్లి తరువాత వ్రాసిపెట్టినది.

1919 శిశిరమునకు ముందే ఆయనకు ఊపిరితిత్తులకు జబ్బు చేసినది. న్యుమోనియాను గూర్చి జీవితమంతా వ్రాసినవాడు తన వ్యాధి నడకను తానే లెక్కగట్టుకొని, ఇది గట్టెక్కేది కాదని దగ్గరివారికి చెప్పినాడు. డిసెంబరు 29వ తేదీన డెబ్బదవయేట మరణించినాడు. శవపేటిక మీద చిన్ననాడు కొన్న ఆ ‘రెలీజియో మెడిసై’ ప్రతిని ఉంచినారు. జీవితమంతా సేకరించిన సుమారు ఎనిమిదివేల గ్రంథములను తాను చదువుకొన్న మెక్‌గిల్‌కు వ్రాసియిచ్చినాడు. కుషింగ్ వ్రాసిన ఆయన జీవితచరిత్ర 1925లో వెలువడి, మరుసటి యేడు పులిట్జరు బహుమానము పొందినది. గ్రంథములు మాంట్రియలు చేరి, 1929లో ఆ గ్రంథాలయము తెరచిన పిమ్మట, భార్య చితాభస్మముతోపాటు ఆయన చితాభస్మమును కూడ అక్కడనే, ఆ పుస్తకముల నడుమ ఒక గూటిలో ఉంచినారు.